రాత్రి విడిదిలో చేతి తుపాకీ భద్రత: పల్నాడు

ఇంటికి దూరంగా, ఆరుబయటో డేరాలోనో తాత్కాలిక బసలోనో పడుకునే మనిషి తన లైసెన్సు రివాల్వర్‌ను గానీ పిస్టల్‌ను గానీ రాత్రంతా ఎక్కడ, ఏ స్థితిలో ఉంచుకోవాలన్నది ఆయుధ భద్రతలో అన్నిటికన్నా చిక్కైన విషయం. ఇంట్లో ఇనప బీరువా ఉంటుంది, తలుపుకు గడియ ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుస్తుంది. విడిదిలో ఇవేవీ ఉండవు. అవసరం పడితే ఆయుధం క్షణాల్లో చేతికి అందాలి. తాను నిద్రలో ఉన్నంతసేపూ మరొకరి చేతికి అందకూడదు. తన చేతిలోనైనా నిద్రమత్తులో పేలకూడదు. తుపాకీ దగ్గరుంచుకునేవాళ్లు ఈ మూడింటిలో మొదటిదాని గురించే ఎక్కువ ఆలోచిస్తారు. విడిదిలో ప్రాణాలు తీసేవి మాత్రం మిగతా రెండూ.

పల్నాడులో ఆరుబయట నిద్ర

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఆరుబయట పడుకోవడం విహారం కాదు, పనిలో భాగం. మిరపకాయ కోసి కల్లంలో ఆరబోశాక, అది ఎండి గుంటూరు యార్డుకు చేరేదాకా రైతులు కల్లంలోనే మంచాలు వేసుకుని కాపలా ఉంటారు. గొర్రెల కాపరులు మందతోపాటు ఊరూరా తిరుగుతూ రైతుల చేలల్లో మంద కట్టి అక్కడే పడుకుంటారు. అడవి అంచు చేలల్లో అడవి పందుల భయానికి మంచెల మీద రాత్రుళ్లు గడుపుతారు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలతో వచ్చే జనం కొండ కింద బండ్ల దగ్గరా ట్రాక్టర్ల దగ్గరా తెల్లవార్లూ ఉంటారు. వీళ్లలో తుపాకీ ఉన్నవాళ్లు బహు అరుదు. కల్లం కాపలాకు టార్చి, కర్ర, ఒక మంచి కుక్క ఉంటే చాలునన్నది ఈ ప్రాంతపు తరతరాల అనుభవం. పడుకున్నవాడికన్నా ముందు కుక్క లేస్తుంది గనుక ఆ లెక్క సరైనదే.

చేతి తుపాకీ పక్కన ఉంచుకుని పడుకునే అవసరం వచ్చేది మరో వర్గానికి. ప్రాణభయం ఉందని లైసెన్సు పొందిన నాయకులు, వ్యాపారులు, వారి వెంట ఉండే గన్‌మెన్, ఎన్నికల బందోబస్తుకు వచ్చి బడుల్లో, కల్యాణ మండపాల్లో బస చేసే పోలీసులు ఈ కోవలోకి వస్తారు. పల్నాడు కక్షల్లో ఎక్కువగా వినిపించినవి వేటకొడవళ్లు, నాటుబాంబులే అయినా, ఆ కక్షల భయమే లైసెన్సు తుపాకులకూ కారణమైంది. 1990, 2000 దశకాల్లో నల్లమల అంచున నక్సలైటు దళాలు, వారిని వెతికే పోలీసు పార్టీలు రెండూ తుపాకులు పక్కన పెట్టుకునే నిద్రపోయాయి. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు అడవి నుంచి బయటికి వచ్చిన మావోయిస్టు నేత రామకృష్ణ, అంటే అక్కిరాజు హరగోపాల్, రెంటచింతల మండలం తుమృకోటకు చెందినవాడు. ఆ చర్చలు విఫలమయ్యాక 2005 మార్చిలో చిలకలూరిపేట పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. ఆ కాలంలో పల్నాడు స్టేషన్ల చుట్టూ ముళ్లకంచెలు, ఇసుక బస్తాలు, సెంట్రీ గూళ్లు లేచాయి. దాడిని ముందు ఎదుర్కొనేది సెంట్రీ, కంచె అని, పడుకున్నవాడి పక్కలోని తుపాకీ ఆ తర్వాతి మాట అని ఆ ఏర్పాట్లే చెబుతాయి.

ఆయుధాన్ని ఎవరి దగ్గర ఉంచాలి, ఎప్పుడు బయటికి తీయాలి అన్న కట్టుబాటు పల్నాడుకు కొత్త కాదు. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరారాధన ఉత్సవాలకు పల్నాటి వీరుల ఆయుధాలను వీరాచారవంతులు తెచ్చి, నాగులేరులో శుద్ధిచేసి పూజిస్తారు. ఆ ఆయుధాలు ఏడాది పొడుగునా ఎవరి అధీనంలో ఉంటాయో, ఉత్సవంలో ఎవరు పట్టుకోవాలో ఊరందరికీ తెలుసు. నేటి లైసెన్సు ఆయుధానికి కూడా ఇలాంటి స్పష్టతే కావాలి.

చట్టం

భారతదేశంలో వ్యక్తిగత తుపాకీని నియంత్రించేది 1959 నాటి ఆయుధాల చట్టం. ఇది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దీని కింది నియమాలను 2016లో పూర్తిగా తిరగరాశారు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. లైసెన్సు పొందడానికి కనీస వయసు 21 ఏళ్లు. సాధారణ పౌరుడికి దొరికే చేతి తుపాకీ దాదాపుగా .32 బోరుది. 9 ఎం.ఎం., .38 బోర్లు నిషిద్ధ శ్రేణిలో ఉన్నాయి. కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారయ్యే ఆరు తూటాల .32 రివాల్వర్ ఈ కోవలో ఎక్కువగా కనిపిస్తుంది.

విడిదికి సంబంధించిన చట్టం ఒక్కచోట లేదు, ముక్కలు ముక్కలుగా ఉంది. 2016 నియమాల ప్రకారం లైసెన్సు కోరేవాడు ఆయుధ భద్రతలో శిక్షణ పొందాలి, వాడకంలో లేనప్పుడు ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానని రాసివ్వాలి. బహిరంగ స్థలంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లో గానీ అలాంటి ఒరలో గానీ, పైకి కనబడకుండా, తన అదుపులో ఉంచుకోవాలి. నలుగురిలో దాన్ని ఝళిపించడం, కాల్చడం నిషిద్ధం. సంబరాల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడతాయని 2019 సవరణ చెప్పింది. తిరునాళ్ల విడిదిలోనో పెళ్లి బసలోనో పక్కన పెట్టుకున్న రివాల్వర్‌ను పదిమందికీ చూపించే సరదా ఉన్నవాళ్లు ఈ నిబంధనలను మొట్టమొదట చదవాలి.

లైసెన్సు మనిషికి ఇచ్చింది, కుటుంబానికి కాదు, వాహనానికీ కాదు. లైసెన్సుదారు సమక్షంలోనో, అతని రాతపూర్వక అనుమతితోనో మరమ్మతుకో లైసెన్సు పునరుద్ధరణకో అతని వాడకానికో మరొకరు ఆయుధాన్ని మోయవచ్చని చట్టం ఇచ్చిన మినహాయింపు ఇరుకైనది. రాత్రి తాను గదిలో పడుకుంటూ రివాల్వర్‌ను కారు డ్రైవర్‌కు అప్పగించడం, కాపలా ఉండమని పాలేరు చేతికివ్వడం ఆ మినహాయింపులోకి రావు. కార్లో డాష్‌బోర్డు అరలో వదిలి తాళం వేసుకోవడం కూడా భద్రంగా ఉంచడం అనిపించుకోదు. కారు అద్దం పగలగొట్టడానికి రాయి చాలు. లైసెన్సు షరతులను మీరినవాడికి ఆరు నెలల వరకు జైలు గానీ రెండు వేల రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ విధించవచ్చు. నిర్లక్ష్యం వల్ల ఎవరైనా గాయపడితే, చనిపోతే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 125, 106 సెక్షన్లు కూడా తగులుతాయి.

పంట కాపలా మీద చట్టం వైఖరి గమనించదగ్గది. పంట రక్షణకు నిజంగా అవసరమైన రైతుకు లైసెన్సు ఇవ్వాలని చట్టం చెబుతుంది గానీ, అది ముఖ్యంగా గొట్టం నుంచి మందు కూరే తుపాకీకి. ఆత్మరక్షణకు సులువుగా లైసెన్సు దొరికేది కూడా ఇరవై అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం ఉన్న పొడుగు తుపాకీకి. చేతి తుపాకీ చట్టం దృష్టిలో చేను కాపలా ఆయుధం కాదు. పనిముట్టుగా చూసినా అంతే. చీకట్లో పరిగెత్తే పందిని పొట్టి గొట్టపు రివాల్వర్‌తో కొట్టడం ఆరితేరినవాడికీ కష్టం. తప్పిన తూటా పక్క చేలో మంచె మీద పడుకున్న మనిషిని వెతుక్కుంటుంది.

అభయారణ్యం అంచు

మాచర్ల వైపు విడిది చేసేవారికి మరో చట్టం వర్తిస్తుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం పల్నాడు అడవుల దాకా వ్యాపించి ఉంది. విజయపురి సౌత్, ఎత్తిపోతల జలపాతం చూడటానికి వచ్చేవాళ్లలో చాలామందికి తాము అభయారణ్యం పొరుగున ఉన్నామన్న స్పృహే ఉండదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలోకి అడుగుపెట్టకూడదు. జేబులో సక్రమమైన ఆయుధ లైసెన్సు ఉన్నా ఈ నిషేధం తొలగదు. 34వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసి, అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సుదారులు తమ పేర్లు నమోదు చేయించుకోవాలంటుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ఆ అధికారి ముందస్తు సమ్మతి కావాలి.

పులి, చిరుత, ఎలుగుబంటి ఎదురైతే ఆత్మరక్షణ హక్కు ఉండదా అన్న ప్రశ్న సహజం. తనను గానీ మరొకరిని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో అడవి జంతువును చంపినా గాయపరచినా నేరం కాదని అదే చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. అయితే ఆ సమయంలో ఆ మనిషి చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. అనుమతి లేకుండా రివాల్వర్‌తో అభయారణ్యంలో గుడారం వేసినవాడు ఆ రక్షణ కోరే అర్హతను ముందే పోగొట్టుకుంటాడు.

క్రూరమృగాల మధ్య తుపాకీతో పడుకునే సంప్రదాయం బలంగా ఉన్న దేశాల అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊళ్లు దాటి వెళ్లేవారు ధ్రువపు ఎలుగులను బెదరగొట్టే సాధనాలు వెంట తీసుకెళ్లాల్సిందే. అక్కడ గుడారాల చుట్టూ తీగ కట్టి, దాన్ని తాకితే టపాకాయలా పేలే ఏర్పాటు చేస్తారు. జట్టులో వంతులవారీగా ఒకరు మేలుకుని ఉంటారు. తుపాకీ వీటన్నిటి తర్వాతిది. అమెరికాలో 2010 ఫిబ్రవరి నుంచి జాతీయ పార్కుల్లో ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి తుపాకీ ఉంచుకోవడానికి అనుమతి ఉంది. అయినా అలాస్కాలో ఎలుగులతో జరిగిన ఘటనలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తుపాకీ వాడినవారికీ వాడనివారికీ జరిగిన హానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ముందుగా పసిగట్టడమే మనిషిని కాపాడుతుంది. మంద కాపరి కుక్కను, కల్లం దగ్గరి నెగడును తక్కువగా చూసేవాళ్లు ఈ అధ్యయనం సంగతి తెలుసుకోవాలి.

ఆయుధం ఎలా పేలుతుంది

చేతి తుపాకులు ప్రధానంగా రెండు రకాలు. రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఐదో ఆరో అరలుంటాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు సిలిండర్ తిరిగి, హ్యామర్ వెనక్కి లేచి, పడుతుంది. ఇలా ఒకే లాగుడుతో పేల్చాలంటే సుమారు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల బలం కావాలి. హ్యామర్‌ను ముందే బొటనవేలితో వెనక్కి లాగి ఉంచితే రెండు కిలోలకు అటూ ఇటూ చాలు. పక్కలో ఉంచే రివాల్వర్ హ్యామర్ ఎన్నడూ లేచి ఉండకూడదనడానికి కారణం ఇదే. పాత నమూనాల్లో మరో ప్రమాదం ఉంది. హ్యామర్ కొన నేరుగా తూటా వెనుక ఆనుకుని ఉంటుంది కాబట్టి మంచం మీంచి కింద పడితే ఆ దెబ్బకే పేలవచ్చు. అలాంటి వాటిలో హ్యామర్ కింది అర ఖాళీగా వదలడం పాతకాలం నుంచి ఉన్న జాగ్రత్త. తాతల నాటి రివాల్వర్ వారసత్వంగా వచ్చినవారు తమది ఏ నమూనానో లైసెన్సున్న ఆయుధ వ్యాపారి చేత చూపించి తెలుసుకోవాలి.

పిస్టల్‌లో తూటాలు పిడిలోని మ్యాగజైన్‌లో ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే ఒక తూటా గొట్టం మొదట్లోని అరలోకి, అంటే ఛాంబర్‌లోకి చేరుతుంది. ప్రమాదాలకు తరచూ కారణమయ్యేది ఈ ఒక్క తూటాయే. మ్యాగజైన్ తీసేశాం గనుక తుపాకీ ఖాళీ అయిందనుకుంటారు, ఛాంబర్‌లో మాత్రం తూటా అలాగే ఉంటుంది. ఖాళీ చేసే క్రమం తారుమారైనా ఇదే జరుగుతుంది. ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, స్లైడ్ ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి మరో తూటాను ఛాంబర్‌లోకి నెట్టుకెళ్తుంది. సరైన క్రమం ఒక్కటే. గొట్టాన్ని మనుషులు లేని వైపు, మెత్తని మట్టి వైపు తిప్పాలి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి పట్టుకోవాలి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెనవేలు పెట్టి తడిమి చూడాలి. విడిదిలో వెలుతురు తక్కువ గనుక వేలు చెప్పేదే నమ్మదగ్గ సాక్ష్యం.

తుపాకీ తనంతట తాను పేలిందని చెప్పే ఘటనల్లో చాలావరకు వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తన వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా తూటా పేలి మరణించారు. తుపాకీ కొనడం సులువైన దేశాలకు వెళ్లే తెలుగువారికి దాన్ని పట్టుకోవడం నేర్పే సంప్రదాయం ఇంటి నుంచి రాదు. కొన్న రోజే శిక్షణ మొదలుపెట్టడం తప్ప దీనికి మరో మార్గం లేదు.

నిద్రమత్తు

గాఢనిద్ర నుంచి ఉలిక్కిపడి లేచిన మనిషి మెలకువలోకి వచ్చినట్టు కనిపిస్తాడు గానీ, బుద్ధి అప్పటికింకా పూర్తిగా మేలుకోదు. నిద్రమత్తు సాధారణంగా పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుందని, మొదటి కొద్ది నిమిషాల్లో నిర్ణయశక్తి బాగా మందగిస్తుందని నిద్రాశాస్త్రం చెబుతోంది. ఎదురుగా నిలబడినవాడు దొంగో, మూత్రానికి లేచిన బావమరిదో పోల్చుకోవాల్సింది సరిగ్గా ఆ నిమిషాల్లోనే. దీనికి తోడు ఉలిక్కిపాటులో చేతివేళ్లు తమంతట తామే బిగుసుకుంటాయి. కాలు జారినప్పుడు, ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకున్నప్పుడు రెండో చేతి వేళ్లు కూడా బిగుస్తాయి. ట్రిగ్గర్ మీద వేలుంటే ఆ బిగింపు చాలు.

కనుక విడిదిలో పక్కలో పెట్టుకునే వస్తువుల్లో టార్చి ముందు అందాలి, తుపాకీ ఆ తర్వాత. టార్చి తుపాకీకి బిగించినదై ఉండకూడదు. బిగిస్తే, వెలుతురు వేసి చూడాలంటే మనిషి మీదికి గొట్టం తిప్పాల్సి వస్తుంది. ముందు వెలుతురు, ఆపైన గొంతెత్తి ‘ఎవరది?’ అన్న కేక, జవాబు రాకపోతే నిలబడటం, ఆ తర్వాతే ఆయుధం. ఈ క్రమానికి పట్టే కొద్ది సెకన్లు వృథా కావు, బుద్ధి మేలుకోవడానికి అవే ఆసరా. తుపాకీ మరీ చేరువగా, దిండు కింద ఉన్నప్పుడు ఆ సెకన్లు దొరకవు. దిండు కింద తుపాకీ పెట్టుకోవడం సినిమాల్లో ఎంత ఒప్పుగా కనబడినా, నిద్రలో తల, చెయ్యి, దుప్పటి కలిసి దాన్ని ఎటు తిప్పుతాయో చెప్పలేం. దుప్పటి అంచు, దోమతెర తాడు, మొలతాడు ట్రిగ్గర్ గార్డులో చిక్కుకున్నా ప్రమాదమే. మద్యం తాగినవాడి పక్కలో తుపాకీ ఉండనే కూడదు. అక్కడ ఆయుధాన్ని ఖాళీ చేసి తాళం వేయాల్సింది పడుకునేటప్పుడు కాదు, సీసా మూత తీయకముందే.

పక్కలో ఉంచే పద్ధతి

చట్టం అనుమతించి, అవసరం నిజమై, తీసుకెళ్లక తప్పనప్పుడు అన్నిటికన్నా నమ్మకమైనది చిన్న ఉక్కు పెట్టె. అరచేతి వెడల్పుకు రెండింతలుండే ఈ పెట్టెలకు బొత్తాలతో తెరిచే యాంత్రిక తాళాలు, బ్యాటరీతో పనిచేసే వేలిముద్ర తాళాలు వస్తున్నాయి. విడిదికి యాంత్రికమే మేలు. మిరప కల్లంలో పనిచేసిన చేతులకు, చెమట పట్టిన, దుమ్ము అంటిన వేళ్లకు వేలిముద్ర తాళం మొరాయిస్తుంది, బ్యాటరీ అయిపోతే అసలే తెరుచుకోదు. బొత్తాల వరుసను చీకట్లో తడిమి తెరవడం పగలే సాధన చేయాలి.

పెట్టెతో వచ్చే ఉక్కు తీగను దేనికో ఒకదానికి కట్టాలి, లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. నులకమంచానికి కట్టేటప్పుడు చాలామంది తీగను మంచం కోడుకు చుడతారు. మంచం ఒక పక్క పైకెత్తితే ఆ తీగ కోడు కిందినుంచి జారి వచ్చేస్తుంది. పట్టెకు, అదీ నులక అల్లిక లోపలినుంచి తిప్పి కడితే మంచం విప్పితే తప్ప రాదు. పెట్టెను తలవైపు కాక, కుడిచేతివాటం వారైతే కుడి నడుము పక్కన, మంచం కింద నేలమీద, మూత తనవైపుకు తెరుచుకునేలా ఉంచుకోవాలి. ప్రతి విడిదిలోనూ అదే చోటు, అదే దిశ పాటించాలి. అలవాటైన చోటుకే చెయ్యి చీకట్లో తప్పకుండా వెళ్తుంది.

పెట్టె లేనప్పుడు ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ అవసరం. మెత్తబడిన తోలు ఒర పనికిరాదు. దాని అంచు లోపలికి ముడుచుకుని, ఆయుధాన్ని ఒరలో పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కగలదు. హోల్‌స్టర్‌లో ఉన్న ఆయుధాన్ని నడుముకు కట్టుకుని పడుకోవడం కన్నా, హోల్‌స్టర్‌తో సహా చిన్న సంచిలో పెట్టి సంచి మూతి బిగించి తన శరీరానికీ డేరా గోడకూ మధ్య ఉంచడం మెరుగు. మధ్యలో మరొకరు పడుకునే ఏర్పాటు ఉండకూడదు. పిస్టల్‌కు మ్యాగజైన్ పెట్టి ఛాంబర్ ఖాళీగా ఉంచాలి. ఒక్కసారి స్లైడ్ లాగడానికి పట్టే సమయం పోయినా, ఆ చర్యకు రెండు చేతులూ తెలివీ కావాలి, నిద్రలో ఉన్నవాడు దాన్ని యాదృచ్ఛికంగా చేయలేడు.

విడిదిలో పిల్లలుంటే ఈ మధ్యేమార్గాలేవీ చెల్లవు. తిరునాళ్లకు కుటుంబంతో ట్రాక్టర్ తొట్టిలో పడుకునేవాడికి తాళం వేసిన పెట్టె ఒక్కటే దారి, లేదా ఆయుధం ఇంట్లో బీరువాలో ఉండిపోవాలి. ఎత్తున పెట్టాం, సంచి అడుగున దాచాం అన్నవి పిల్లలను ఆపవు. నాలుగైదేళ్ల పిల్లవాడి రెండు బొటనవేళ్లూ కలిస్తే హ్యామర్ లేచిన రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కడానికి సరిపోతాయి.

పోలీసు విడిది

పోలీసు శాఖ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. స్టేషన్‌లో, క్యాంపులో ఆయుధాలను విడిగా ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అనే గదిలో గొలుసు వేసి తాళం పెడతారు. ఎవరు ఏ నంబరు ఆయుధాన్ని, ఎన్ని రౌండ్లను తీసుకున్నారో, తిరిగి ఇచ్చారో రిజిస్టరులో ఎక్కుతుంది. ఒక హెడ్ కానిస్టేబుల్ కింద ముగ్గురో నలుగురో కానిస్టేబుళ్ల గార్డు ఉంటుంది. సెంట్రీ రెండేసి గంటలకు మారుతాడు. డ్యూటీలో ఉన్న సెంట్రీ దగ్గర ఆయుధం ఉంటుంది, పడుకున్నవారి ఆయుధాలు తాళం వెనుక ఉంటాయి. ఖాళీ చేసేటప్పుడు గొట్టాన్ని ఇసుక గుంటలోకో ఇసుక నింపిన బకెట్లోకో తిప్పుతారు. పొరపాటున పేలినా తూటా ఇసుకలోనే ఆగిపోతుంది. విడిదిలో తుపాకీని ఎలా ఉంచుకోవాలన్న ప్రశ్నకు ఉన్న సమాధానాలన్నిటిలో ఇదే గట్టిది. మేలుకున్నవాడు కాపలా కాస్తాడు, పడుకున్నవాడి చేతిలో ఆయుధం ఉండదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లే ప్రైవేటు విడిదిలోనూ వంతులవారీ కాపలా పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. ఆయుధం మాత్రం లైసెన్సు ఉన్నవాడి దగ్గరే ఉండాలి.

గన్‌మెన్ పరిస్థితి కష్టమైనది. నాయకుడి ఇంట్లో, అతిథిగృహంలో, పర్యటనలో ఉన్నప్పుడు కారులోనే కునుకు తీయాల్సి వస్తుంది. ఆయుధం ప్రభుత్వానిది, రౌండ్ల లెక్క ఆర్ముడ్ రిజర్వులో చెప్పాలి. గన్‌మెన్‌ను వెంట తిప్పుకునే నాయకులు వారికి తాళం వేసుకునే గది, పడుకోవడానికి వేళ కల్పించడం మర్యాద మాత్రమే కాదు, తమ సొంత భద్రత కూడా.

ఎండ, దుమ్ము, మంచు

రెంటచింతలలో వేసవి ఉష్ణోగ్రత 47 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి ఇంకా ఎన్నో డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడికి తూటాలు తమంతట తాము పేలవు గానీ, రోజుల తరబడి అక్కడే వదిలేస్తే లోపలి మందు గుణం మారి, కావలసినప్పుడు పేలకపోవచ్చు, సరిగా పేలకపోవచ్చు. కార్తీక, మార్గశిర మాసాల్లో తెల్లవారుజామున కురిసే మంచుకు ఉక్కు మీద తేమ పడుతుంది. తోలు ఒర ఆ తేమను, చెమట ఉప్పును పీల్చుకుని ఆయుధానికి అంటిస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ము, నల్లరేగడి మట్టి పొడి నూనెతో కలిస్తే ముద్దగా మారి సిలిండర్ తిరుగుడుకు అడ్డం పడతాయి. విడిది నుంచి రాగానే ఆయుధాన్ని ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయాలి. తుడిచే చోట తూటాలు ఉండకూడదు, అవి వేరే గదిలో ఉండాలి.

ఉదయం లేవగానే చేసే మొదటి పని ఆయుధాన్నీ తూటాలనూ లెక్క చూసుకోవడం. ఏ ఒక్కటి కనబడకపోయినా ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో తెలియజేయడం లైసెన్సు షరతుల్లో ఒకటి. పరువు పోతుందనో, దొరుకుతుందిలే అనో దాచినవాడు పోయిన ఆయుధంతో జరిగే నేరానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఎన్నికలు, డిపాజిట్

ఎన్నికలప్పుడు విడిదిలో వ్యక్తిగత ఆయుధం అన్న ప్రశ్న దాదాపుగా తలెత్తదు. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం ప్రతి జిల్లాలో జిల్లా మేజిస్ట్రేటు, ఎస్పీ ఉండే కమిటీ లైసెన్సుదారులందరి జాబితా పరిశీలించి ఎవరి ఆయుధాలు జమచేయించాలో నిర్ణయిస్తుంది. ఫలితాలు వెలువడిన వారం తర్వాత వాటిని తిరిగి ఇస్తారు. 2024 మే 13న పోలింగు రోజున, ఆ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో చెలరేగిన హింసతో జిల్లాలో 144 సెక్షన్ విధించాల్సి వచ్చింది. అలాంటి జిల్లాలో ఆయుధాల జమ ఎంత కచ్చితంగా జరిగితే అంత మంచిది.

ఎన్నికలు లేని రోజుల్లో కూడా ఆయుధాన్ని వెంట తీసుకెళ్లక్కర్లేని లైసెన్సుదారుకు చట్టం దారి చూపింది. అడవి వైపు విహారానికో తిరునాళ్లకో దూరపు పెళ్లికో వెళ్లేముందు, ఆయుధాలను భద్రంగా ఉంచడానికి లైసెన్సు పొందిన వ్యాపారి దగ్గర దాన్ని జమచేసి, నంబరు, తూటాల లెక్క రాసిన రసీదు తీసుకుని, తిరిగి వచ్చాక ఆ రసీదు చూపించి తెచ్చుకోవచ్చు.